సివుతాంగ్ కషాయం, ఐరన్ మాత్ర: ఏడాది వాడాక

హిమోగ్లోబిన్‌ను పెంచేది ఐరన్ మాత్రే, ఇందులో అనుమానం లేదు. ఆ మాత్రను నెలల తరబడి మానకుండా మింగేలా కడుపును సర్దిపెట్టడం వరకే సివుతాంగ్ అనే చైనా మూలికల కషాయం పని. అదీ సరిపడిన వాళ్లకే. కషాయం ఒక్కటే తాగితే ఏమవుతుందో కాగితం మీద లెక్క వేస్తే చాలు. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒంట్లో నాలుగు లీటర్ల రక్తం ఉన్న స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 8.5 గ్రాముల నుంచి 12కు రావాలంటే 140 గ్రాములు కొత్తగా తయారవ్వాలి. అంటే 476 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఖాళీ అయిన నిల్వలు నిండడానికి మరికొన్ని వందలు. వేళ్లు, దుంపలు మరిగించిన నీళ్లలో అంత ఇనుము ఎక్కడిది? ఇలాంటి కషాయాల్లో కొందరు వేసే ఎర్ర రేగుపళ్ల రంగు చూసి మోసపోవద్దు, ఆ ఎరుపుకీ రక్తానికీ సంబంధం లేదు.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. చైనా వైద్యులు నాలుక చూసి, నాడి పట్టి చెప్పే ‘శ్వే శ్యూ’ అనే మాటకు అర్థం రక్తలోపమే. కానీ అది ల్యాబ్ చెప్పే రక్తహీనత కాదు. నిద్ర పట్టకపోయినా, కళ్లు తిరిగినా, బహిష్టు స్రావం తగ్గినా ఆ మాట వాడతారు. హిమోగ్లోబిన్ 13 ఉన్నవాళ్లకీ రాస్తారు. అందుకే మొదటి మోతాదుకు ముందే సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించుకోవాలి. ఎర్రకణాలు చిన్నవిగా ఉండి ఫెరిటిన్ బాగానే ఉంటే థలసీమియా ట్రైట్ (పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ తేడా) కావచ్చు, అప్పుడు ఐరన్ మింగడం దండగ. మగవాళ్లలో, ముట్లు ఆగిన స్త్రీలలో ఇనుము తగ్గిందంటే పేగుల్లో రక్తం పోతోందేమో చూడాలి. అది చూడకుండా కషాయం కాచుకుంటూ కూర్చుంటే అసలు రోగం దాగిపోతుంది.

కషాయం సంగతికొద్దాం. సివుతాంగ్ అంటే నాలుగు సరుకుల కషాయం; సోంగ్ రాజుల కాలం నాటి ప్రభుత్వ మందుల గ్రంథంలోనే ఉంది. ఇప్పుడు వాడే కొలతలు: షూదీహువాంగ్ (ఉడికించి ఎండబెట్టిన రెహ్మానియా దుంప) 12 గ్రాములు, దాంగ్‌గుయ్ (చైనా ఏంజెలికా వేరు) 9, బైషావ్ (తెల్ల పియొనీ వేరు) 9, చువాన్‌శ్యోంగ్ (లిగస్టికం దుంప) 6. మొదటిది నల్లగా, పాత చింతపండు ముద్దలా వేళ్లకు అంటుకుంటుంది. దాంగ్‌గుయ్ పొట్లం విప్పగానే వామూ సోపూ కలిసిన ఘాటు ఇల్లంతా కమ్ముతుంది, అదీ ఆ కుటుంబం మొక్కే మరి. మట్టి లేదా పింగాణీ పాత్రలో సరుకు పైన రెండు వేళ్ల మందం నీళ్లు పోసి అరగంట నానబెట్టాలి. పొంగు రాగానే సెగ తగ్గించి 40 నిమిషాలు మరిగించి వడకట్టాలి. మళ్లీ నీళ్లు పోసి అరగంట. రెండు నీళ్లూ కలిపి రెండు పూటలకు పంచుకోవాలి. ఇనుప పాత్ర మాత్రం వద్దు. కూరకు ఇనుప మూకుడు మంచిదే, కషాయానికి కాదు.

ఎందుకో వంటింట్లోనే చూడొచ్చు. పాలు పోయని టీలో నాలుగు చుక్కలు ఐరన్ టానిక్ వేసి చూడండి, సిరాలా నల్లబడుతుంది. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకున్నాయన్నమాట. అలా పట్టుబడిన ఇనుము పేగులకు అందదు. బైషావ్‌లోనూ టానిన్లున్నాయి. మాత్రను కషాయంతోనే మింగేవాళ్ల పొరపాటు ఇదే. మూడు నెలలు గడిచినా ఫెరిటిన్ కదలదు, నింద మాత్ర మీద పడుతుంది.

వాడగా కుదిరిన వేళలు ఇవీ. పొద్దున లేవగానే ఖాళీ కడుపుతో ఐరన్, నిమ్మరసం పిండిన నీళ్లతో. గంట దాకా కాఫీ ముట్టకూడదు (మన ఇళ్లలో అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే). కషాయం మధ్యాహ్నం, రాత్రి, భోజనమయ్యాక గంటకు. మాత్రకూ కషాయానికీ మధ్య కనీసం రెండు గంటలు. థైరాయిడ్ మాత్ర ఉంటే దానికీ ఐరన్‌కూ నాలుగు గంటలు. 200 మిల్లీగ్రాముల ఫెరస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఇనుము 65 మాత్రమే; మన దగ్గర రాసే ఫెరస్ ఆస్కార్బేట్ మాత్రల్లో సాధారణంగా 100. ఒక మోతాదు పడ్డాక హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు రోజంతా పేగుల తలుపు మూసేస్తుంది. అందుకే రోజు విడిచి రోజు వాడితే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము ఒంటపడుతుంది, వికారమూ తగ్గుతుంది. రక్తహీనత బాగా ముదిరితే ఎలా వాడాలో డాక్టరే చెప్పాలి.

ఎవరికి పనికొస్తుందన్న విషయానికొస్తే, ఐరన్‌తో మలం గట్టిపడే వాళ్లకు సివుతాంగ్ నిజంగా పనికొస్తుంది. షూదీహువాంగ్, దాంగ్‌గుయ్ రెండూ పేగులను మెత్తబరిచే సరుకులని చైనా వైద్యంలో పేరు, వాడకంలోనూ అదే కనబడుతుంది. అదే గుణం ఇంకొకరికి శాపం. ఐరన్‌తో విరేచనాలయ్యే వాళ్లు ఇది తాగితే రోజంతా పరుగులే. కడుపు రాయిలా ఉబ్బి అన్నం సయించకపోతే తప్పు షూదీహువాంగ్‌ది. మన ఏలకుల కుటుంబానికే చెందిన షారెన్ 3 గ్రాములు దంచి చివరి ఐదు నిమిషాల్లో వేస్తే సర్దుకుంటుంది. ముందే వేస్తే వాసనంతా ఆవిరిలో పోతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆ కషాయం మీకు కాదు.

గాడిద తోలు జిగురు, అదే అజియావ్, కలిపితే ఇంకా మంచిదంటారు. ఖరీదు ఎక్కువ, ఇనుము లెక్కలో ఒరిగేది తక్కువ. పైగా ఈ గిరాకీ వల్లే గాడిదలు తరిగిపోతున్నాయని ఆఫ్రికా దేశాలు 2024లో తోళ్ల వ్యాపారాన్ని నిషేధించాలని తీర్మానించాయి.

వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు దాంగ్‌గుయ్ జోలికే పోకూడదు, రక్తం మరీ పలచబడుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా తాగొద్దు. బహిష్టు ఎక్కువగా అయ్యే రోజుల్లో ఆపేయాలి. రక్తం పోయి రక్తహీనత వచ్చినవాళ్లు రక్తాన్ని కదిలించే సరుకు తాగడమేమిటి? గర్భిణులు సొంతంగా మొదలుపెట్టొద్దు. జుట్టుకూ మంచిదని హెషోవు అనే చైనా వేరు కలిపిస్తే వద్దనండి, కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి.

కాచే ఓపిక లేక రెడీమేడ్ పొడులు కొనేవాళ్లు పెట్టె వెనక చదవాలి. చైనాలో అమ్మే జియన్‌పీ షెంగ్‌శ్వే అనే మందులో మూలికలతో పాటు ఫెరస్ సల్ఫేట్ కూడా ఉంటుంది. కొత్తేం కాదు, చైనా వైద్యంలో ‘జావ్‌ఫాన్’ పేరుతో పాలిపోయిన వాళ్లకు ఇస్తూ వచ్చింది మన అన్నభేదినే, అంటే ఫెరస్ సల్ఫేట్‌నే. శాకాహారులు ఇంకో పేరు చూసుకోవాలి: యీచీ వెయ్‌శ్వేలో పంది రక్తం సారం ఉంటుంది. ఇలాంటివి వాడుతూ ఐరన్ మాత్ర కూడా మింగితే మోతాదు పెరిగిపోయి వాంతులు పట్టుకోవచ్చు. అమ్మే అతను ‘అంతా మూలికలే’ అన్నా సరే, ఆ చీనా అక్షరాలను ఫోన్ కెమెరాతో తర్జుమా చేయించి ఐరన్ పేరు ఉందో లేదో చూసుకోండి.