ఆకు పచ్చబడితే గింజలో జింక్ పెరిగినట్టు కాదు: ఈ స్ప్రే డబ్బాలతో జాగ్రత్త

‘పంటలో పోషక విలువ పెంచుతుంది’ అని అమ్ముతున్న మినరల్ స్ప్రేలు కొనబోయేవాళ్ళు కాస్త ఆగండి. నేను కొన్న డబ్బా మీద డజను ఖనిజాల పేర్లున్నాయి. ఏది ఎంత శాతమో మాత్రం లేదు. ‘చీలేటెడ్’ (ఖనిజాన్ని ఓ సేంద్రియ పదార్థంతో పట్టి ఉంచినది) అన్న మాటొకటి పెద్దక్షరాల్లో ఉంది. వరి మీద కొట్టాక ఆకు నిగనిగలాడింది. అమ్మినాయన ఫొటోలు కూడా అడిగి తీసుకున్నాడు, ప్రచారానికి కాబోలు. కోతలయ్యాక స్ప్రే చేసిన మడిలో గింజలు, చేయని మడిలో గింజలు విడివిడిగా ల్యాబ్‌కి ఇస్తే జింక్ రెండింట్లో దాదాపు ఒకటే. డబ్బాలో మిగిలిన మందు పరీక్ష చేయిస్తే ఎక్కువగా తేలింది యూరియా! పచ్చదనం దాని పుణ్యమే.

అలాగని పిచికారీ పద్ధతే మోసమని కాదు. గోధుమ, వరిలో పూత అయ్యాక, గింజ పాలు పోసుకునే దశలో 0.5 శాతం జింక్ సల్ఫేట్ ద్రావణం కొడితే గింజలో జింక్ పెరుగుతుందని చాలా దేశాల పొలాల్లో తేలింది. ఇనుము అంత తేలిగ్గా గింజకి చేరదు. కాల్షియమైతే ఆకు దాటి కదలడమే కష్టం, కాయలో పెరగాలంటే మందు కాయ మీదే పడాలి. అన్నిటినీ ఒక్క డబ్బా పెంచేస్తుందంటే ఎలా నమ్మాలి?

బ్రిక్స్ మీటర్ చూపించి ‘చూశారా, పోషకాలు పెరిగాయి’ అంటారు. అది ముఖ్యంగా రసంలో చక్కెరని చూపిస్తుంది, జింక్ సంగతి దానికి తెలీదు.

లేబుల్ మీద అంకెలు చూడండి. జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ అయితే 21 శాతం, మోనోహైడ్రేట్ అయితే 33, ఈడీటీఏ చీలేట్ అయితే 12 శాతం దగ్గర జింక్ ఉండాలి. జింక్ సల్ఫేట్ పొడి కొంటే ఇంకో బెడద: చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మెగ్నీషియం సల్ఫేట్‌ని అంటగడతారు. చిటికెడు పొడి నీళ్ళలో కరిగించి, కాస్టిక్ సోడా ద్రావణం చుక్కలుగా వేస్తే రెండింట్లోనూ తెల్లటి మడ్డి వస్తుంది. ఇంకా పోస్తూ పోతే జింక్‌ది కరిగిపోతుంది, మెగ్నీషియంది కరగదు. చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి.

ల్యాబ్ రిపోర్టు చూపిస్తే అమ్మినాయన ‘మోతాదు రెట్టింపు చేయండి’ అన్నాడు. ఆ పని అస్సలు చేయకండి, ఆకులు మాడిపోతాయి. బ్యాచ్ విశ్లేషణ పత్రం (ఆ విడత సరుకులో ఏది ఎంతుందో చూపే ల్యాబ్ కాగితం) అడిగినప్పట్నుంచీ ఫోన్ ఎత్తడం లేదు. మీరు మాత్రం ఆ పత్రం చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి.