కడప ఎండల్లో మెష్ కుర్చీ: నాలుగేళ్లు కూర్చున్నాక

ముందే చెప్పేస్తాను. కుర్చీ మంచిదే, నడుముకు మేలు చేసింది. మెడకూ భుజాలకూ మాత్రం దానివల్ల ఒరిగింది తక్కువ. ఆ రెండూ కుదుటపడింది 900 రూపాయల లాప్‌టాప్ స్టాండు, 1,200 పెట్టి కొన్న విడి కీబోర్డు, మౌసు వచ్చాకే. కుర్చీకి పెట్టింది 11,000. డబ్బు చూసుకుని ఖర్చు పెట్టేవాళ్లకు ఈ ముక్క చాలు. ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదవండి.

బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, ఇల్లు కడప. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాను. మొదట మంచం మీద దిండుకు ఆనుకుని, తర్వాత భోజనాల బల్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో పని చేశాను. సాయంత్రానికి లేవాలంటే నడుము పట్టేసేది. 2021 చివర్లో ఈ కుర్చీ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అప్పటినుంచి రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ఇందులోనే.

మెష్ అంటే వీపు దగ్గర స్పాంజి, రెగ్జిన్ బదులు బిగించి కట్టిన వల గుడ్డ. చల్లటి ఊళ్లలో అది సోకు కావచ్చు, మన దగ్గర కాదు. మే నెలలో 42 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. రెగ్జిన్ కుర్చీలో పది నిమిషాలకే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. ఆ చెమటకు తాళలేక మనకు తెలీకుండానే అంచుకు జరుగుతాం. జరిగామంటే ఆనుకునేది పోయినట్టే, వీపు గూనిలాగా వంగిపోతుంది. మెష్‌లో గాలి ఆడుతుంది కాబట్టి మధ్యాహ్నం పూట కూడా ఆనుకునే కూర్చోగలిగాను. నాకు దొరికిన సుఖంలో సగం ఇక్కడే ఉంది. ఇంకో సంగతి కూడా చూసుకోండి: కూలర్ ఒక పక్క, బల్ల ఒక పక్క ఉంటే ఒళ్లు గాలివైపు తిప్పి, మెడ స్క్రీన్‌వైపు తిప్పి గంటలు గడిపేస్తాం. నేను బల్లనే జరిపి కూలర్‌కు ఎదురుగా వేశాను.

ఈ కుర్చీలో నడుము వెనక ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంది, పైకీ కిందికీ జరుగుతుంది. నడుము లోపలికి వంపు తిరిగే చోట, బెల్టుకు కొంచెం పైన అది తగలాలి. వీపు భాగాన్ని నిటారుగా బిగించకుండా కాస్త వెనక్కి, 100 నుంచి 110 డిగ్రీల మధ్య వదిలేశాను. ఇంట్లో పెద్దవాళ్లు "సరిగ్గా నిటారుగా కూచో" అంటూనే ఉంటారు కానీ, వెనక్కి ఆనుకుంటే ఒంటి బరువు కొంత కుర్చీ మోస్తుంది. 1960లలో స్వీడన్ ఎముకల డాక్టరు ఆల్ఫ్ నాచెమ్సన్ మనుషుల వెన్ను డిస్కుల్లోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. ఆనుకోకుండా కూర్చున్నప్పుడు అది నిలబడ్డప్పటికంటే ఎక్కువ వచ్చింది. తర్వాతి కొలతల్లో వెనక్కి ఆనుకుంటే తగ్గడం కూడా కనబడింది.

ఇక బల్ల సంగతి. అసలు చిక్కంతా దీనిదే, ఎవరూ దీని గురించి మాట్లాడరు. మన ఇళ్లలో భోజనాల బల్లయినా రాత బల్లయినా ఎత్తు ఇంచుమించు 75 సెంటీమీటర్లు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. పాదాలు నేలకు ఆనేలా కుర్చీ దించితే మోచేతులు బల్లకంటే కిందికి పోతాయి, భుజాలు ఎగేసి టైపు చేయాలి. మోచేతులు సరిపోయేలా కుర్చీ లేపితే కాళ్లు గాల్లో వేలాడతాయి, తొడల కింద అంచు నొక్కుకుని తిమ్మిరెక్కుతుంది. ఫుట్‌రెస్ట్ కొందామని చూస్తే 1,500 చెప్పారు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి ముక్క పెరట్లో ఉంటే, రెండు ఇటుకల మీద పరిచి కాళ్ల కింద పెట్టుకున్నాను. ఎండాకాలంలో అరికాళ్లకు చల్లగా కూడా ఉంటుంది. మా అమ్మ చూసి, "అంత దుడ్డు పోసి కుర్చీ తెస్తివి, కడాకు పనికొచ్చింది మా బండేనా" అనింది.

లాప్‌టాప్‌లో స్క్రీను, కీబోర్డు అతుక్కుని ఉంటాయి. చేతులకు సరిపోతే మెడ వంగాలి, కళ్లకు సరిపోతే చేతులు లేవాలి. ఎంత ఖరీదైన కుర్చీ అయినా దీన్ని సరిచేయలేదు. తల బరువు దాదాపు ఐదు కిలోలు. అది 30 డిగ్రీలు ముందుకు వంగితే మెడ మీద 18 కిలోల భారం పడుతుందని 2014లో న్యూయార్క్ సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ లెక్క కట్టాడు. అది కంప్యూటర్ నమూనా మీద వేసిన లెక్క, మనుషుల మీద కొలిచింది కాదు. అయినా సాయంత్రం నా మెడ చెప్పేదీ అదే. స్టాండు మీద స్క్రీను పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి, విడి కీబోర్డు బల్ల మీద వాడటం మొదలుపెట్టాక కొన్ని వారాల్లోనే తేడా తెలిసింది. స్టాండు బదులు పాత పుస్తకాలు పేర్చినా పని జరుగుతుంది, కీబోర్డు మాత్రం తప్పదు. మా నాయనకు ఈ ఎత్తు పడలేదు. ఆయనవి రెండు పవర్ల అద్దాలు, కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతాడు. అలాంటివాళ్లు స్క్రీను కొంచెం దించుకోవాలి.

కుర్చీ మన్నిక గురించి. నాపరాళ్ల నేల మీద దీనితో వచ్చిన గట్టి ప్లాస్టిక్ చక్రాలు నిలవలేదు. రాళ్ల మధ్య సందుల్లో పడి టకటకమంటాయి, మట్టి రేణువులు ఇరుక్కుని నేల గీరుతాయి. రబ్బరు పూత ఉన్న మెత్తటి చక్రాలు తెప్పించి వేశాను. కొనేముందు చక్రం పైన కుర్చీ కాలిలోకి దూరే కాడ మందం కొలుచుకోండి, ఎక్కువ కుర్చీలకు 11 మిల్లీమీటర్లు. మూడో ఏడు గ్యాస్ లిఫ్ట్, అంటే సీటును ఎత్తి నిలబెట్టే గొట్టం, పోయింది, కూర్చుంటే నెమ్మదిగా కిందికి దిగేది. కంపెనీ వాళ్లు ఫొటోలు, వీడియోలు అన్నీ పంపించుకుని, చివరకు ఆ భాగానికి వారంటీ ఒక ఏడాదేనన్నారు. ఊర్లో ఆఫీసు కుర్చీలు బాగుచేసే అతను కొత్తది వేసిచ్చాడు, 900 అయింది. చేతులు పెట్టుకునే దిమ్మెల పైపూత ఊడిపోయింది. మెష్ మాత్రం ఇప్పటికీ జారలేదు.

నడుము పట్టేసినప్పుడు ఒక ఫిజియోథెరపిస్టును కలిస్తే కుర్చీ గురించి ఒక్క మాట అడగలేదు. "లేచేది ఎప్పుడన్నా మీరు?" అనింది. అప్పటినుంచి పెద్ద బాటిల్ బల్ల మీద పెట్టడం మానేశాను. చిన్న గ్లాసు, కుండ వరండాలో. ఈ ఎండలకు నీళ్లు తాగకుండా ఉండలేం, తాగాలంటే లేవక తప్పదు. మాట్లాడటమే తప్ప స్క్రీను చూడనక్కర్లేని కాల్స్ అన్నీ నడుస్తూనే, పొద్దు దిగాక అయితే మిద్దె మీద. కాలు కిందికో చేతి వేళ్లలోకో తిమ్మిరి, మంట పాకుతుంటే మాత్రం ఈ సర్దుబాట్లన్నీ పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి.

ఇదే కుర్చీ మళ్లీ కొంటానా అంటే కొంటాను, స్టాండు, కీబోర్డు కొన్నాక మిగిలిన డబ్బుతో. ఆరడుగుల మనిషికి సరిపోదు, మా బావమరిది కూర్చుంటే నడుము పట్టీ మరీ కిందికి తగిలింది. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, అది కూర్చుని చూస్తే తప్ప తెలీదు. కాబట్టి వీలైతే షాపులో కూర్చుని చూసి తీసుకోండి. దీనికున్న తలగడను నేను వాడిందే లేదు, అది లేని మోడల్ దొరికితే వెయ్యి రూపాయలు మిగులుతాయి.