మేపుల్ పాస్ లూప్, నార్త్ కాస్కేడ్స్: నడవగలిగిన వాళ్ళు తప్పక వెళ్ళాలి

ఈ కొండదారి సియాటిల్ నుంచి దాదాపు మూడు గంటల డ్రైవ్. పొద్దున్నే బయల్దేరితే ఒక్కరోజులో వెళ్ళి వచ్చేయొచ్చు. లూప్ 7.2 మైళ్ళు, ఎక్కాల్సింది సుమారు 2,000 అడుగులు. కారు పెట్టుకోవడానికి కావాల్సిన పర్మిట్, నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్, రోజుకి 5 డాలర్లు. ఆ డబ్బుకి వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంతకన్నా మంచి హైక్ లేదని నా గట్టి నమ్మకం.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే లేక్ యాన్ దాకా తీసుకెళ్ళండి. రానూపోనూ నాలుగు మైళ్ళలోపే, దారి మెల్లగా ఎక్కుతుంది. మా నాన్నగారు మోకాళ్ళ నొప్పులతోనే హాయిగా నడిచారు. సరస్సు మధ్యలో చిన్న దీవి, చుట్టూ రాళ్ళగుట్టలు, వాటి సందుల్లో పైకాలు (కుందేలుకి చుట్టాలైన బుల్లి జంతువులు). ఒకటి నోటినిండా గడ్డి కరుచుకుని మా బూట్ల పక్కనుంచే పరుగెత్తి బండ కిందికి దూరింది. చలికాలానికి మేత దాచుకుంటాయి అవి. నాన్నగారు పులిహోర డబ్బా చేత్తో పట్టుకుని అలాగే చూస్తుండిపోయారు. దయచేసి వాటికి తిండి పెట్టకండి.

మేపుల్ పాస్ కనుమ దాకా ఎక్కేవాళ్ళు కుడివైపు నుంచి మొదలుపెట్టండి, ఎక్కడం తేలిక. దిగుడు మాత్రం బాగా నిటారు, చేతికర్రలు ఉండాల్సిందే. పైన గాలికి జాకెట్ కావాలి. మబ్బు లేకపోతే గ్లేసియర్ పీక్ అనే మంచు శిఖరం కనిపిస్తుంది, అక్కడ తొందరపడొద్దు.

జూలైలో ఇంకా మంచు ఉండొచ్చు, ఆగస్టు మేలు. వారాంతాల్లో పార్కింగ్ కష్టం. ఫోన్ సిగ్నల్ ఉండదు. దారిలో వచ్చే మార్బుల్‌మౌంట్ ఊళ్ళోనే గ్యాస్ కొట్టించుకోండి, ఆ తర్వాత మజామా ఊరి దాకా బంకు లేదు.