డౌలా తోడుగా రెండు కాన్పులు: ఏది పనికొచ్చింది, ఏది ముందే అడగాలి

రెండు కాన్పులకూ, ఆ తర్వాతి బాలింత వారాలకూ డౌలా సేవ తీసుకున్నాక రాస్తున్న సమీక్ష ఇది. డౌలా అంటే వైద్యం చేయకుండా, కాన్పులో తల్లికి తోడుండి సాయం చేసే శిక్షణ పొందిన మనిషి. నర్సుల షిఫ్టు మారుతుంది, డాక్టర్ చూసి వెళ్తారు. డౌలా మాత్రం బిడ్డ పుట్టేదాకా పక్కనే ఉంటుంది. అసలు విలువంతా అందులోనే ఉంది.

అన్నిటికంటే పనికొచ్చింది నడుం అదమడం. బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉంటే నొప్పి చాలావరకు నడుంలోనే తెలుస్తుంది. అప్పుడు పిరుదుల చీలికకు కాస్త పైన, మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని ఆనించి, నొప్పి మొదలవుతుండగానే గట్టిగా అదిమి, అది తగ్గేదాకా పట్టు వదలకూడదు. నొప్పి పతాకస్థాయికి చేరాక మొదలుపెడితే అంత ఉపశమనం ఉండదు. గంటల తరబడి ఇది ఒక్కరి చేతుల వల్ల అయ్యే పని కాదు కాబట్టి, మంచి డౌలా ఈ పట్టును భర్తకు ముందే నేర్పిస్తుంది.

నొప్పుల్లో గాలి నింపిన పెద్ద వ్యాయామ బంతి మీద కూర్చుంటే తుంటి మోకాళ్లకంటే కాస్త ఎత్తులో ఉండాలి. మధ్యస్థంగా ఉన్నవాళ్లకు 65 సెంటీమీటర్లది, పొట్టివాళ్లకు 55ది సరిపోతుంది. రెండు గంటలకోసారైనా మూత్రానికి వెళ్లమని డౌలా గుర్తుచేయాలి, ఎందుకంటే నిండిన మూత్రాశయం బిడ్డ తల దిగడానికి అడ్డు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుంలో ఇచ్చే మత్తుమందు) ఇచ్చాక మొద్దుబారిన చోట వేడి కాపడం పెట్టనివ్వకండి, చర్మం కాలినా తెలియదు. గర్భాశయ ముఖద్వారం ఎనిమిది సెంటీమీటర్లకు మించి తెరుచుకున్నాక కొందరికి ఎవరు తాకినా చిరాకే. అప్పుడు చెయ్యి తీసేసి మౌనంగా ఉండడం కూడా డౌలాకు తెలిసుండాలి.

లోపలి పరీక్ష, బిడ్డ గుండె చప్పుడు, మందులు ఆమె పని కాదు. ఎంత తెరుచుకుందో తనే చూస్తానంటే ఒప్పుకోవద్దు. డాక్టర్ ఉమ్మనీటి సంచి చిల్లు పెడతామంటే, వద్దని చెప్పే హక్కు డౌలాకు లేదు. "ఎందుకో, ఆగితే ఏమవుతుందో అడుగుతావా అమ్మా?" అని తల్లికి గుర్తుచేస్తే చాలు.

వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష 26 అధ్యయనాల్లోని 15 వేలకు పైగా మహిళల వివరాలను పరిశీలించింది. కాన్పంతా ఎవరో ఒకరు తోడున్నవాళ్లలో సిజేరియన్లు తగ్గే అవకాశం కనిపించింది. అయినా సిజేరియన్ రాదని హామీ ఇచ్చే డౌలాను మాత్రం నమ్మకండి.

ఇబ్బంది ఏర్పాట్ల దగ్గరే. లేబర్ రూంలోకి ఒక్కరినే రానిస్తే భర్తా, డౌలా అన్న ప్రశ్న నొప్పుల మధ్య తేలదు. ఆసుపత్రి అనుమతి, ఆమె రాలేకపోతే బదులు ఎవరొస్తారన్నది ముందే రాయించుకోండి.

కాన్పు తర్వాతి సాయం నాకు అంతగా నచ్చలేదు. పాలు పట్టే భంగిమ సరిచేయడం వరకు బాగుంది. కానీ రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే ఆమె సలహా కోసం ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి.