కంకి మీదే పిలకలు: రెడ్ జింజర్‌తో నా అనుభవం

పూల అందం కోసం పెంచే అల్లం కుటుంబపు మొక్క రెడ్ జింజర్ కంకిని కోయకుండా కాడ మీదే వదిలేస్తే ఏమవుతుందో మొక్క అమ్మిన నర్సరీవారు చెప్పలేదు. ఏళ్ల తరబడి పెంచిన తరువాత, ఒక శ్రావణమాసంలో నాకే తెలిసింది. ఆ కంకిలో ఎర్రగా కనిపించేవి రేకులు కావు, పుచ్ఛాలు, అంటే పువ్వు అడుగున ఉండే ఆకులాంటి భాగాలు. అసలు పువ్వు వాటి సందుల్లోంచి తెల్లగా, చిన్నగా బయటికి వచ్చి త్వరగా రాలిపోతుంది. అలా పూలు రాలిన సందుల్లోంచే వేలెడంత ఆకుపచ్చ మొలకలు లేచాయి. తెగులేమోనని వంచి చూస్తే, కొన్నింటి అడుగున పొట్టి వేళ్లు కూడా ఉన్నాయి. వానలకు బరువెక్కి కాడ వాలిపోగా, కంకి నేలను తాకిన చోటనే రెండు మూడు నాటుకున్నాయి. మిగిలినవాటిని మెల్లగా విడదీసి, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపిన సంచుల్లో పెడితే దాదాపు అన్నీ బతికాయి. దుంప తవ్వకుండా, తల్లి కుదురును కదపకుండా ఇన్ని మొక్కలు చేతికి రావడం అల్లం, పసుపు పండించే మా ఊరివారికి ఇప్పటికీ వింతే.

అయితే దుంప ముక్కతో పెట్టిన మొక్క కంటే ఈ పిలక పూతకు రావడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. పైగా పిలకల కోసం కంకులను వదిలేస్తే అవి గోధుమరంగుకు తిరిగి తోటకు కళ తగ్గుతుంది. పూసిన కాడ మళ్లీ పూయదు కనుక దాన్ని మొదలంటా నరకాలి, లేకపోతే కుదురు ఇరుకైపోతుంది. ఏడాది పొడవునా పూస్తుందని నేనూ అంటూ ఉంటాను గాని, పసిఫిక్ దీవుల తేమలో పుట్టి సమోవాకు జాతీయ పుష్పమైన ఈ మొక్క, కాలువలకు నీళ్లు ఆపేసి, పడమటి గాలి వీచే మా కోనసీమ వేసవిలో పొట్టి కంకులే వేస్తుంది. ఎండ తగిలిన వైపు ఆకుల అంచులు మాడతాయి. వాసన లేదన్న లోటును మా ఇంట్లోవారు ఇప్పటికీ ఎత్తిచూపుతారు. అందుకే పక్కన తెల్ల హెడీకియం వేశాను, అదీ అల్లం కుటుంబపు పూల మొక్కే. సాయంత్రమయ్యేసరికి ఆ మూలంతా దాని పరిమళమే.

మాకు ఒండ్రు నేల, కొబ్బరి నీడ ఉన్నాయి కనుక నేను దీన్ని మెచ్చుకోవడం తేలిక. మేడ మీద తొట్టెల్లో పెంచేవారికి ఇదే మాట చెప్పలేను. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలికి ఇచ్చిన పిలకలు ఆకులు బాగానే వేశాయి గాని, ఇంతవరకు ఒక్క కంకి కూడా వేయలేదు.