ఫ్రిజ్ అన్నం సంగతి తేల్చుకోవడానికి కొన్న గ్లూకోజ్ సెన్సర్

నాకు టైప్ 2 షుగర్ వచ్చి ఆరేళ్ళు. అన్నం వండి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వేడి చేసుకుని తింటే షుగర్ అంతగా పెరగదని విన్నాను. అది నా ఒంటి మీదే చూసుకుందామని, జబ్బకి అంటించుకుంటే రోజంతా షుగర్ కొలిచి గీతగా చూపించే సెన్సర్ కొన్నాను. 14 రోజులు పనిచేసింది.

వండగానే 150 గ్రాముల చొప్పున తూచి డబ్బాల్లో పెట్టుకున్నాను. మూడు మధ్యాహ్నాలు వేడి అన్నం, మూడు మధ్యాహ్నాలు 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వేడి చేసినది. కూర ఒకటే, టైమూ ఒకటే. వేడి అన్నానికి షుగర్ 198, 191, 204 దాకా ఎక్కింది. ఫ్రిజ్ అన్నానికి 176, 183, 169. అంతకంటే నచ్చింది గీత ఆకారం. నిటారుగా లేచే గీత కాస్త వాలింది. వేలికి గుచ్చి రెండు గంటలకోసారి చూసుకుంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

ఉడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థంలో కొంత, ముఖ్యంగా అమైలోజ్ అనే రకం, చల్లారాక మళ్ళీ గట్టిగా పేనుకుంటుంది. చిన్నపేగులో అది అరగదు. తిరిగి వేడి చేసినా చాలావరకు అలాగే ఉంటుంది. అయితే ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2015లో ఇండొనేషియా పరిశోధకులు కొలిస్తే 100 గ్రాముల అన్నంలో ఇలా అరగని పిండి 0.64 గ్రాముల నుంచి 1.65కి పెరిగింది, అంతే. నేను 100 గ్రాముల వేడి అన్నమే తిన్న రోజు షుగర్ 165 దాటలేదు. ఆ అంకె చూసి చాలాసేపు ఆలోచించాను.

సెన్సర్‌లో లోపాలూ ఉన్నాయి. మొదటి రోజు అంకెలు వేలికి గుచ్చి చూసే మీటర్‌తో కలవలేదు. ఇది చర్మం కింది ద్రవంలో కొలుస్తుంది కాబట్టి రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. సెన్సర్ ఉన్న చేతి మీదికి ఒరిగి పడుకుంటే, ఆ ఒత్తిడికి అర్ధరాత్రి షుగర్ పడిపోయిందని అలారం కొట్టి, ఇంట్లో అందరికీ టెన్షన్ పెట్టింది. మీటర్‌లో చూస్తే 104.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఈ ప్రయోగం చేయొద్దు. అన్నం తక్కువ షుగర్ ఇచ్చి, డోసు పాతదే అయితే నిజంగానే షుగర్ పడిపోవచ్చు. ఇంకోటి, అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేయకండి. అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

రెండో సెన్సర్ కూడా కొన్నాను. ఈసారి అమైలోజ్ ఎక్కువుండే బియ్యంతో చూస్తాను.