స్పిట్‌ఫైర్‌కి 4×100 అడాప్టర్లు: వైజాగ్ ఉప్పుగాలిలో చాలాకాలం వాడాక

అడాప్టర్లు (చక్రం బిగుసుకునే హబ్బుకి వేరే కొలత చక్రం పట్టేలా మధ్యలో పెట్టే బిళ్ళలు) బాగున్నాయి. వాటి మీద వేయించిన పౌడర్ కోటింగే బండిని రోడ్డు మీద ఆపేసింది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రంగు పొర చుట్టూనే తిరుగుతుంది.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత ఇంగ్లండ్ స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ళకి పీసీడీ (చక్రం బిగించే మరల కడ్డీలు, అంటే స్టడ్లు, అమరిన వృత్తం వ్యాసం) తలనొప్పి గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. 4×95.25, అంటే నాలుగు స్టడ్లు, మూడు ముప్పావు అంగుళాల వృత్తం. మద్రాసులో తయారైన మన స్టాండర్డ్ హెరాల్డ్‌దీ ఇదే కొలత, రెండూ ఒకే ఛాసిస్ కుటుంబం కాబట్టి. పాత సామాన్లలో కనిపించేవీ హెరాల్డ్ ఇనప రిమ్ములే. వాటిలో వంకర లేనిదాన్ని, తుప్పు తినని దాన్ని ఏరుకోవడమే పెద్ద పని. ఇంగ్లండ్ నుంచి అల్లాయ్‌లు తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిసి చక్రాల ధరతో పోటీ పడతాయి. అదే 4×100 అయితే హోండా సిటీ, ఐ20, స్విఫ్ట్ వాళ్ళు పెద్ద సైజుకి మారుతూ వదిలేసిన కంపెనీ అల్లాయ్‌లు ఊళ్ళోనే దొరుకుతాయి. ఈ బండికి వేసినవి పాత సిటీవి: 14 అంగుళాలు, 5.5జే వెడల్పు, ఆఫ్‌సెట్ 45 (రిమ్ము నడిమధ్య నుంచి హబ్బుకి ఆనే ముఖం బయటివైపు ఉన్న దూరం, మిల్లీమీటర్లలో), మధ్య రంధ్రం 56.1 మిల్లీమీటర్లు. టైర్లు 175/65 ఆర్14, వ్యాసం 583 మిల్లీమీటర్లు. పాత 155/80 ఆర్13 వ్యాసం 578. స్పీడోమీటరులో తేడా కనిపించదు.

హబ్బులకే కొత్త రంధ్రాలు వేయిస్తే ఇంకా చవక అనేవాళ్ళున్నారు. వెనక హబ్బు దగ్గర ఆ లెక్క తప్పుతుంది. అది యాక్సిల్ షాఫ్టు టేపరు మీద కీతో బిగుసుకుని ఉంటుంది. దానికి తగ్గ పుల్లరు లేకుండా మామూలు మూడు కాళ్ళ పుల్లరుతో లాగితే ఫ్లాంజి వంగుతుంది. డ్రమ్ముకీ మళ్ళీ అవే రంధ్రాలు వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి వెళ్ళే దారి ఉండదు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్ళు దాటి, మూల రూపంలోనే ఉన్న బండ్లకి వర్తిస్తాయి. ఆ నంబరు మీద ఆశ ఉన్నవాళ్ళు హబ్బు జోలికి పోకూడదు. అడాప్టరైతే విప్పి పక్కన పెట్టి, పాత రిమ్ములు ఎక్కించేయొచ్చు.

కొలత దగ్గర ఒక మాట. ఎదురెదురు స్టడ్ల బయటి అంచుల మధ్య కాలిపర్ పెడితే 104.8 రావాలి. అందులోంచి స్టడ్డు మందం 9.5 తీసేస్తే పీసీడీ వస్తుంది. టేపుతో కొలిచి 98 అనేసి, ఫియట్ కొలతలో చేయించుకుంటే తర్వాత ఏడవాల్సిందే.

గాజువాక ఆటోనగర్ లేత్ షాపుల్లో ఈ పని చేయగలిగినవాళ్ళు ఉన్నారు. కాకపోతే డ్రాయింగు మీరే ఇవ్వాలి. 6061-టీ6 అల్యూమినియం బిళ్ళ, వ్యాసం 150, మందం 25. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్ళో అల్యూమినియం ఎందుకండీ అని అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు తూకంలో ఉంది: కోయకముందు ఈ బిళ్ళ 1.2 కిలోలు, అదే కొలతలో ఇనుముది దాదాపు 3.5. స్ప్రింగుల కింద అంత బరువు అనవసరం. కొత్త స్టడ్లు పాతవాటికి 45 డిగ్రీలు తిప్పి ఉండాలి. అప్పుడు పక్కపక్క కేంద్రాల మధ్య 37 మిల్లీమీటర్లు మిగులుతుంది, లోపలి నట్టుకి సాకెట్ దూరడానికి అది చాలు. కొత్త స్టడ్లు వెనకనుంచి ప్రెస్‌లో దిగే గీతల మెడవే వాడాలి. అల్యూమినియంలో మరలు తీసి బిగించే రకం వద్దు. హోండా, హ్యుందాయ్‌లవి ఎం12×1.5 (12 మిల్లీమీటర్ల మందం, 1.5 మిల్లీమీటర్ల మర దూరం), స్విఫ్ట్‌ది ఎం12×1.25. ఈ రెండూ కలిపేస్తే నట్టు రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. ఇంకొకటి: హోండా కంపెనీ అల్లాయ్‌కి నట్టు కూర్చునే చోటు గుండ్రంగా, గిన్నె ఆకారంలో ఉంటుంది. బజార్లో దొరికే 60 డిగ్రీల కోను నట్లు అందులో అంచు మీదే ఆనతాయి, టార్క్ రెంచి క్లిక్‌మన్నా అది బిగువు కాదు. చక్రాలతోపాటు హోండా నట్లు కూడా అడిగి తీసుకోండి.

ఆఫ్‌సెట్ 45లోంచి 25 పోతే 20 మిగులుతుంది. అంటే రిమ్ము హబ్బు ముఖం నుంచి లోపలికి 90, బయటికి 50 మిల్లీమీటర్లు (అంచులు కాకుండా). ఆధునిక ముందు చక్రాల డ్రైవు బండి రిమ్ము, పాత వెనక చక్రాల డ్రైవు బండికి ఇంత బాగా సరిపోవడం ఈ మొత్తం పనిలో దొరికిన అదృష్టం. అడాప్టరు మధ్యలో 56.1 రంధ్రానికి సరిపడా మెడ టర్నింగ్ చేయిస్తే చక్రం దాని మీదే కూర్చుంటుంది. ఆ మెడ లేకుండా నట్ల మీదే నడిపితే 70 దాటగానే స్టీరింగు వణుకుతుంది. మెడ ఉండగా మధురవాడ దాటాక హైవే మీద 100 దగ్గర కూడా వణుకు లేదు. డయల్ గేజితో చూస్తే మెడ తిరుగుడులో తేడా 0.05 లోపు ఉండాలి.

ఇక రంగు సంగతి. సముద్రం పక్కన అల్యూమినియం ఊరికే ఉండదు, తెల్లపొడి పడుతుంది. అందుకని నాలుగు అడాప్టర్లకీ నల్లటి పౌడర్ కోటింగ్ వేయించడం సబబుగానే అనిపిస్తుంది. కోటింగ్ షాపు వాళ్ళు ఏమీ మూయకుండా ముందు, వెనక, నట్టు కూర్చునే కోనులు, అన్నిటినీ కప్పేసి ఇచ్చారు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి.

మొదట ఎడమ వెనక చక్రం దగ్గర చిన్న టక్కుమన్న చప్పుడు. ముందుకు వేసి, రివర్సుకి మార్చినప్పుడల్లా ఒక్కసారి వినిపించేది. స్పిట్‌ఫైర్‌లో ఆ చప్పుడు వింటే ఏ మెకానిక్కైనా షాఫ్టు యూనివర్సల్ జాయింటే అంటాడు. అదీ మార్చారు, చప్పుడు పోలేదు. బయటి నట్లు టార్క్ రెంచితో చూస్తే నాలుగూ గట్టిగానే ఉన్నాయి. మోసం అక్కడే ఉంది: బయట కనిపించే ఎం12 నట్లు చక్రాన్ని అడాప్టరుకి పట్టి ఉంచుతాయి. అడాప్టరుని హబ్బుకి పట్టి ఉంచేవి చక్రం వెనక దాగిన 3/8 యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత సన్న మర) నట్లు. వాటిని చక్రం ఊడదీస్తే తప్ప చూడలేరు. భీమిలి రోడ్డు మీద టక్కు కాస్తా ఊపుగా మారింది. జాకీ వేసి చక్రం తీస్తే లోపలి నట్లలో రెండు వేళ్ళతో తిరుగుతున్నాయి. ఒక స్టడ్డు తెగి, నట్టుతో సహా గుంటలోనే పడి ఉంది. వెనక ముఖం మీద రంధ్రాల చుట్టూ రంగు నలిగి మెరుస్తున్న వలయాలు, వాటి మీద నల్లటి ఇనప పొడి.

ఎందుకు ఇలా అయిందో లెక్క వేస్తే తెలుస్తుంది. 3/8 స్టడ్డుకి బిగువు సుమారు 40 పౌండ్-అడుగులు, అంటే 54 న్యూటన్ మీటర్లు. ఆ బిగువులో స్టడ్డు రబ్బరులా సాగి, ఆ సాగుడుతోనే జాయింటుని పట్టుకుంటుంది. ఇక్కడ నట్టు కింద మిగిలిన లోహం 12 మిల్లీమీటర్లే కాబట్టి స్టడ్డు సాగేది 0.03 మిల్లీమీటర్లు మాత్రమే. పౌడర్ కోటింగ్ మందం మామూలుగా 0.06 నుంచి 0.1. అది వెనక ముఖం మీదా ఉంది, కోను లోపలా ఉంది. బ్రేకు వేడికి, ఒత్తిడికి ఆ ప్లాస్టిక్ పొర పక్కలకి జారి 0.03 పల్చబడితే చాలు, నట్టు ఒక్క పిసరు తిరగకపోయినా బిగువు మొత్తం పోతుంది. మంచం కోడు కింద పెట్టిన అట్టముక్క నలిగాక మంచం ఊగినట్టే. బిగువు పోయాక అడాప్టరు అటూ ఇటూ జరుగుతుంది, స్టడ్డు వంగుతూ లేస్తూ అలిసి తెగుతుంది. వెనక చక్రమే ముందు తెగడానికి కారణం ఇంజను లాగుడు, బ్రేకు పట్టు దాని మీద ఎదురెదురు దిశల్లో పడటం. మిగతా మూడు చక్రాలు విప్పితే వాటి లోపలి నట్లూ వదులయ్యే ఉన్నాయి.

మరమ్మతు ఖరీదైంది కాదు. వెనక ముఖం, చక్రం ఆనే ముఖం, నట్టు కోనులు, మధ్య మెడ, ఇన్ని చోట్లా రంగు పూర్తిగా తీసేసి, చుట్టూ అంచుకి మాత్రం ఉంచాలి. తీయడానికి లేత్ మీద పల్చటి కోత కన్నా రంగు కరిగించే ద్రావకమే మేలు, కొలత మారదు. నాలుగు చక్రాలకీ 3/8 స్టడ్లన్నీ కొత్తవి వేయాలి. ఒకటి తెగిందంటే పక్కవీ అదే అలసటలో ఉంటాయి. నట్టు కనీసం తొమ్మిది పూర్తి చుట్లు ఎక్కాలి, బయటి ఎం12 నట్టు ఎనిమిది. వెనక డ్రమ్ముని పట్టి ఉంచే రెండు చిన్న కౌంటర్‌సంక్ స్క్రూల తలలు ఉపరితలం కన్నా పైకి లేచి ఉంటే అడాప్టరు వాటి మీదే ఊగుతుంది. వాటి మీద అడ్డంగా స్కేలు పెట్టి చూడండి. ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించాలి, ముందు 30, తర్వాత 54. వంద కిలోమీటర్ల లోపు చక్రం విప్పి మళ్ళీ చూడాలి. మరలకి గ్రీజు రాయొద్దు, అదే టార్క్‌కి స్టడ్డు ఎక్కువ సాగిపోతుంది.

రంగు పోయాక ఉప్పు మళ్ళీ వస్తుంది. పోత ఇనప హబ్బు, అల్యూమినియం, మధ్యలో ఉప్పు తేమ: ఈ ముగ్గురూ కలిస్తే అరిగేది అల్యూమినియమే. తెల్లపొడి ఉబ్బి, అడాప్టరుని హబ్బు మెడకి అతికించేస్తుంది. వానాకాలం దాటాక సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చేది ఇందుకే. మెడ చుట్టూ మాత్రమే పల్చగా గ్రీజు రాస్తే సగం బాధ తగ్గుతుంది. అంతకన్నా మంచి ఉపాయం, తయారీలోనే అడాప్టరుకి ఎదురెదురుగా రెండు ఎం8 మరల రంధ్రాలు పెట్టించడం. అతుక్కున్నప్పుడు వాటిలో బోల్టులు బిగిస్తే డ్రమ్ముని తన్నుకుని అదే బయటికొస్తుంది. ఈ సెట్టులో నన్ను నిజంగా సంతోషపెట్టింది ఈ రెండు రంధ్రాలే. మొదటినుంచే చేయించేవాళ్ళు పౌడర్ కాకుండా అనోడైజింగ్ (అల్యూమినియం పైనే గట్టి ఆక్సైడ్ పొర పెంచడం) చేయించుకోవచ్చు. మామూలు అనోడైజింగ్ పొర 0.01 నుంచి 0.025 మిల్లీమీటర్లే, గట్టిది, నలగదు.

వణుకు లేదని పైన అన్నాను. అది నిజమే, కానీ స్టీరింగు పాతదానికన్నా బరువైంది. సింహాచలం కొండ మలుపుల్లో అది చేతికి తెలుస్తుంది. వెడల్పు టైరు, జరిగిన చక్రం రెండూ కలిసి ముందు బేరింగుల మీద పడతాయి, కాబట్టి వాటి ఆట తరచుగా చూసుకోవాలి. ఇద్దరు కూర్చుని సామాను వేస్తే పెద్ద గుంతలో వెనక టైరు మడ్‌గార్డు అంచుకి తగిలే అవకాశమూ ఉంది. బయట ఎం12 స్టడ్లు కనిపిస్తున్నాయి కదా అని బండి బలపడిందనుకోకండి, భారమంతా ఇప్పటికీ లోపలి సన్న స్టడ్ల మీదే. టైరు షాపులో గాలి గన్నుతో ఆ లోపలి నట్లని మాత్రం ముట్టుకోనివ్వొద్దు. ఎం12కి సరిపోయే బిగువు 3/8ని మెలితిప్పేస్తుంది. చక్రం కొలతలు మారుస్తున్నారు కాబట్టి బండిలో మార్పుల మీద ఉన్న మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి, బీమా కంపెనీతో మాట, రెండూ ముందే చూసుకోవాలి.

ఈ బండి ఆదివారాల బండి, కింద దూరి టార్క్ రెంచి పట్టే ఓపిక ఉన్న ఇంట్లో ఉంది, అందుకే అడాప్టర్లు ఇంకా దాని మీదే ఉన్నాయి. రోజూ బీచ్ రోడ్డు పక్కనే నిలబెట్టే బండికో, డ్రైవరు చేతికి వదిలేసే బండికో వీటిని వేయమని చెప్పను. హెరాల్డ్ రిమ్ములు నాలుగు తిన్నగా ఉన్నవి దొరికితే 155 టైర్లు వేసుకుని వాటితోనే తిరగండి. అరకు ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే మాత్రం, ఏ చక్రాలున్నా, బయల్దేరే ముందురోజు నాలుగూ విప్పి లోపల చూడండి.